‘ఇరవై ఐదు’ నేర్పాం, బజార్లో ‘పాతిక’ అన్నారు

ఎంవీపీ కాలనీ రైతుబజారు, ఉదయం ఏడున్నర, టమాటా ధర మండిపోతున్న రోజులు. మా యాప్‌లో మూడు వారాలుగా తెలుగు నేర్చుకుంటున్న ఒకావిడ ముందు నడుస్తున్నారు, నోటుబుక్కు కూరల సంచీలో దాచుకుని నేను రెండడుగులు వెనక. ఆవిడది కాన్పూరు, భర్తకి నేవీలో ఉద్యోగం, వైజాగ్ వచ్చి ఏడాదిన్నర. ధరల బోర్డు ఉంది కానీ కూరల పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి, కాబట్టి నోరు తెరిచి అడగక తప్పదు. టమాటాల దగ్గర ఆగి, ముందు రోజు రాత్రి యాప్‌లో పచ్చ టిక్కు పడిన వాక్యాన్నే అడిగారు: “టమాటా అరకేజీ ఎంత?” ఒక్క తప్పు లేదు, ఉచ్చారణ కూడా బాగానే ఉంది, నాకైతే అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది. టమాటాలమ్మే పెద్దావిడ తక్కెడ మీంచి చూపు తిప్పకుండా “పాతిక” అన్నారు.

కాన్పూర్ ఆవిడ మొహం చూడాలి. ఒకటి నుంచి వంద దాకా అంకెలన్నీ వరసగా నేర్పాం, ఆవిడ అన్నీ నేర్చుకున్నారు కూడా, కానీ అందులో పాతిక లేదు. ‘ఇరవై ఐదు’ ఉంది. నిజానికి మనలో ఎవరు కూరగాయల దగ్గర ఇరవై ఐదు అంటారు? పాతికే అంటాం. యాప్‌లో అంకెల పాఠం రాసింది నేనే, పుట్టినప్పట్నుంచి పాతిక అంటూనే ఉన్నాను, రాసేటప్పుడు మాత్రం చేతికి బళ్ళో నేర్చిన ఇరవై ఐదే వచ్చింది. ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూసేలోపే పెద్దావిడకి సంగతి అర్థమైపోయి, “పచ్చీస్, పచ్చీస్” అన్నారు. “అచ్ఛా” అని ఈవిడ. అక్కణ్ణుంచి బేరమంతా హిందీలోనే నడిచింది.

ఆ అర నిమిషంలో రెండు విషయాలు జరిగాయి. మొదటిది అక్కడికక్కడే తెలిసింది, ఆ రోజు మధ్యాహ్నమే పాఠంలో పాతిక చేర్చాం. రెండోది కూడా కళ్ళ ముందే జరిగింది కానీ అది కనపడటానికి మాకు ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండోదాని గురించి చెప్పాలంటే ముందు ఈ యూజర్ రీసెర్చ్ అనేది ఏమిటో, భాష నేర్పే యాప్ దగ్గరకొచ్చేసరికి అది ఎందుకంత చిక్కు పడుతుందో కొంచెం విప్పి చెప్పుకోవాలి.

యూజర్ రీసెర్చ్ అంటే పెద్ద శాస్త్రమేం కాదు, మనం తయారుచేసేది ఎవరైతే వాడతారో వాళ్ళ దగ్గర కూర్చుని, అడిగి, చూసి, తెలుసుకుని, అప్పుడు తయారుచెయ్యడం. బస్సు టికెట్టు బుక్ చేసే యాప్ తీసుకోండి. పని ఫోన్‌లో మొదలవుతుంది, ఫోన్‌లోనే అయిపోతుంది, కాబట్టి పక్కన కూర్చుని స్క్రీన్ చూస్తే ఎక్కడ తడబడుతున్నారో మొత్తం కనిపిస్తుంది. భాష నేర్పే యాప్ అలా కాదు. పని ఫోన్‌లో మొదలవుతుంది, పూర్తయ్యేది మాత్రం బజార్లో, ఆటోలో, ఇంటి ఓనరు గుమ్మం ముందు. స్క్రీన్ మీద ఎంత బాగా చేసినా అక్కడ నోరు పెగలకపోతే మా యాప్ పని చెయ్యనట్టే, కానీ ఆ సంగతి మా సర్వర్‌కి ఎప్పటికీ తెలీదు. సర్వర్ దృష్టిలో ఆవిడకి పచ్చ టిక్కు పడింది, పాఠం పూర్తయింది.

ఈ ఊళ్ళో తెలుగు నేర్చుకునేవాళ్ళు ఎక్కడున్నారని బయటివాళ్ళు అడుగుతుంటారు. వైజాగ్ వాళ్ళు అడగరు. తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడే ఉంది, షిప్‌యార్డు 1941 నాటిది, స్టీల్ ప్లాంటుకి 1971లో శంకుస్థాపన అయింది. వాల్తేరు రైల్వే డివిజన్ 2003 దాకా కోల్‌కతా కేంద్రంగా ఉన్న జోన్‌లో ఉండేది, తర్వాత భువనేశ్వర్ జోన్ కిందికి వెళ్ళింది. కాబట్టి రైల్వే క్వార్టర్స్‌లో బెంగాలీ, ఒడియా, డాల్ఫిన్ కొండ వైపు హిందీ, మలయాళం, ఇవి ఇక్కడ తరాల నుంచి వినబడుతున్నవే. ఇరవయ్యేళ్ళు ఇక్కడే ఉండి రిటైరై, ‘నమస్కారం, బాగున్నారా’ దగ్గరే ఆగిపోయిన పెద్దమనుషులు మీకూ తెలిసే ఉంటారు. తెలివిలేక కాదు, ఆసక్తి లేకా కాదు. మరెందుకు? మేం పట్టుకోవాలనుకున్న ముడి అదే.

మొదట అందరిలాగే ఇళ్ళకి వెళ్ళి ప్రశ్నలడిగాం. ఇక్కడ ఒక జబ్బు గురించి చెప్పాలి, దాని పేరు మొహమాటం. ఈ మాటకి ఇంకే భాషలోనూ సరైన మాట దొరకదని నా గట్టి నమ్మకం, కానీ జబ్బు మాత్రం అన్ని భాషల వాళ్ళకీ ఉంది. ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చిన మనిషి మీ మొహం మీద “మీ యాప్ బాగోలేదండీ” అనరు. “యాప్ ఎలా ఉంది?” అంటే “చాలా బాగుంది”. “ఇందులో వీడియో కాల్‌లో టీచరుతో మాట్లాడే సౌకర్యం పెడితే వాడతారా?” అంటే “తప్పకుండా”. అది నమ్మి ఒక నెల పాటు కూర్చుని పెట్టాం, పెట్టాక ఎవరూ వాడలేదు, తప్పకుండా అన్నవాళ్ళు కూడా. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, ఆ క్షణంలో నిజంగానే వాడదామనుకున్నారు. జనవరి ఒకటిన మనం పొద్దున్నే బీచ్‌కెళ్ళి నడుద్దామనుకుంటాం చూడండి, అలాగ.

అప్పుడు ప్రశ్న మార్చాం. రాబోయే రోజుల గురించి అడగడం మానేసి, అయిపోయినదాని గురించి అడగడం మొదలుపెట్టాం. “మీరు ఆఖరిసారి తెలుగులో మాట్లాడదామని చూసింది ఎప్పుడు? ఎవరితో? వాళ్ళేమన్నారు? తర్వాత మీరేం చేశారు?” ఈ ప్రశ్నకి మొహమాటంతో జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే అది జరిగిన విషయం. ఒకాయన కాసేపు ఆలోచించి, “నిన్న లిఫ్టులో” అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు చెప్పారు. మా ఫీచర్ల లిస్టంతా కలిపినా అంత పనికొచ్చే విషయం లేదు.

లెక్క గురించి ఒక మాట. ఎంతమందిని చూస్తే చాలు అని ఈ రంగంలో అందరూ అడిగే ప్రశ్న. 2000లో జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు ఐదుగురు చాలన్నాడు. ఒక్కో మనిషిని చూస్తే స్క్రీన్‌లో ఉన్న ఇబ్బందుల్లో దాదాపు 31 శాతం బయటపడతాయని, రెండో మనిషి దగ్గర పాతవే కొన్ని మళ్ళీ కనబడతాయి కాబట్టి కొత్తవి తగ్గుతూ పోతాయని, ఐదుగురయ్యేసరికి సుమారు 85 శాతం దొరికేస్తాయని ఆయన లెక్క. లెక్క మంచిదే, మేమూ ఐదుగురితో చేశాం, బటన్లు ఎక్కడ కనబడటం లేదో అన్నీ దొరికాయి. కానీ ఆ ఐదుగురు అన్నది బటన్లకి. ఎవరికి తెలుగు ఎందుకు కావాలి, ఎక్కడ ఆగిపోతున్నారు అనేదానికి ఐదుగురు సరిపోరు, ఎందుకంటే స్క్రీన్ అందరికీ ఒకటే, జీవితం ఒకటి కాదు కదా. ఐదుగురూ నేవీ క్వార్టర్స్ వాళ్ళే అయితే గాజువాకలో అద్దెకుండే కాంట్రాక్టు కార్మికుడి సంగతి మీకు ఏ జన్మకీ తెలీదు.

ఆ కార్మికుడి సంగతే చెప్తాను, నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి. ఒడిశా కుర్రాడు, వెల్డింగు పని, వచ్చి మూడేళ్ళు. మా యాప్ మొదట్లో ఒక చిన్న పరీక్ష పెడుతుంది, ఎవరికి ఎంత వచ్చో తెలుసుకోడానికి. అందులో ఇతనికి సున్నా వచ్చింది, యాప్ ఇతన్ని ‘అ ఆ ఇ ఈ’ దగ్గర కూర్చోబెట్టింది. పక్కనే ఉన్న నాతో మాత్రం గడగడా తెలుగు మాట్లాడుతున్నాడు! పరీక్షలో ప్రశ్నలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి, అతనికి చదవడం రాదు, అంతే. భాష వేరు, లిపి వేరు అన్న చిన్న విషయం చదువుకున్న మాకు తట్టలేదు. సరే, అతని తెలుగు వింటే ఇంకో తమాషా. “పట్టు”, “దించు”, “జరుగు”, “ఆగెహె”, అన్నీ ఆర్డర్లే. ఎవర్ని పిలిచినా చివర ‘రా’. పనిలో తోటివాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి వాళ్ళెలా మాట్లాడితే అలా వచ్చింది. ఆ భాషతోనే వెళ్ళి ఇంటి ఓనరుతో “కరెంటు పోయింది, సూడరా” అన్నాడట. ఓనరు వారం రోజులు పలకలేదు.

అతనికి కావలసింది కొత్త మాటలు కాదు, ఉన్న మాటలకి ‘అండి’ తగిలించడం, ఎవరికి తగిలించాలో తెలియడం. అటు మా యాప్ అందరికీ ‘మీరు’ ఒక్కటే నేర్పుతోంది, మర్యాదగా ఉంటుంది కదా అని. దాంతో ఇంకో యూజరు పక్కింటి ఐదేళ్ళ పిల్లతో “మీరు బడికి వెళ్ళారా?” అని అడిగితే ఆ పిల్ల నవ్వుతూ లోపలికి పరిగెత్తింది. ఎవరిని అమ్మా అనాలి, ఎవరిని అన్నా, బాబూ, పిన్నీ, గురువుగారూ అనాలి అన్న దాని మీద మాకు ఒక్క పాఠం లేదు, జనం మొదట అడుగుతున్నదేమో అదే. పిలుపు దొరక్కపోతే మాటే మొదలవ్వదు. కాన్పూర్ ఆవిడ ఏడాదిన్నర పాటు పనమ్మాయిని పేరు పెట్టి కాదు, వరస పెట్టి కాదు, “సునో” అనే పిలిచారు.

లిపి విషయం వచ్చింది కాబట్టి, 56 అక్షరాల వరస మీద మా టీంలోనే పెద్ద గొడవ. వర్ణమాల అంటే అ నుంచి మొదలవ్వాలి, మధ్యలో ఋ, ౠ, ఌ, ౡ కూడా రావాలి అని ఒక పక్షం. అక్కడికొచ్చేసరికి సగం మంది మానేస్తున్నారని కళ్ళారా చూసిన పక్షం ఇంకొకటి. చివరికి బస్టాపు తీర్చింది. మద్దిలపాలెం స్టాపులో ఒక సాయంత్రం కూర్చుంటే తెలుగు రానివాళ్ళు ఏం చదవాలనుకుంటున్నారో వాళ్ళ కళ్ళే చెప్పాయి: బస్సు బోర్డు. అంతే, లిపి పాఠాలన్నీ తీసేసి బోర్డులతో మళ్ళీ రాశాం. మొదటి పాఠం గాజువాక. గా, జు, వా, క, ఒక్క వత్తు లేదు, చక్కగా నాలుగు అక్షరాలు. తర్వాత సున్నా కోసం జగదాంబ, కంచరపాలెం. ఒకటే అక్షరం వత్తయ్యేది కావాలంటే మద్దిలపాలెం, అక్కయ్యపాలెం. వేరే అక్షరం వత్తయ్యేది కావాలంటే ద్వారకానగర్. ఊరి పేర్లే ఒక వాచకంలా అమరిపోయాయి. ఋ ఎక్కడికీ పోలేదు, రుషికొండ దగ్గర ఒకసారి వస్తుంది, అది కూడా రాసేవాళ్ళని బట్టి.

ఇప్పుడు ‘రండి’ సంగతి. మా మొట్టమొదటి పాఠం ‘రండి, కూర్చోండి’. అతిథి మర్యాద, తెలుగుదనం, మేమే మురిసిపోయి పెట్టుకున్న పాఠం. హిందీ వాళ్ళు ఆ పాఠం దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నారని, కొందరు అక్కడే వదిలేస్తున్నారని సర్వర్ చెప్తోంది. ఎందుకో చెప్పటం లేదు. ఫోన్ చేసి అడిగితే “ఏం లేదు, పని ఉండి ఆపేశాను” అన్నారు. ఒకావిడ ఇంట్లో పక్కన కూర్చుని చూస్తే తెలిసింది. పాఠం మొదలవగానే గబుక్కున సౌండు తగ్గించేశారు, లోపలి గది వైపు చూశారు, అక్కడ అత్తగారున్నారు. మన ‘రండి’కి చాలా దగ్గరగా వినిపించే మాట ఒకటి హిందీలో ఉంది, అది పచ్చి బూతు. మా యాప్ దాన్ని మంచి స్పష్టమైన ఆడగొంతుతో మూడుసార్లు పలికించి, “ఇప్పుడు మీరు గట్టిగా అనండి” అంటోంది! అడిగితే ఎవరు చెప్తారు ఇది? ఇంటర్వ్యూ ఎంత బాగా చేసినా ఇది బయటికి రాదు. ఆ మాటని తీసెయ్యలేం, తెలుగులో రోజుకి పదిసార్లు వినబడే మాట. వెనక్కి జరిపాం, చివరి ఇకారం పొట్టిదని చూపించాం, ముందే నవ్వుతూ ఒక హెచ్చరిక పెట్టాం. మొదటి పాఠంలోకి ‘లోపలికొస్తారా’ వచ్చింది.

మైకు కథ కూడా దీనికి అన్నలాంటిదే. మాట్లాడే అభ్యాసాలు చాలామంది దాటేస్తున్నారు. మా ఇంజినీర్లు మైకు పర్మిషన్ స్క్రీన్ మూడు రకాలుగా మార్చారు, ఏమీ మారలేదు. తీరా చూస్తే చిన్న ఇల్లు, గోడకి అటువైపు మనుషులు, పెద్దవాళ్ళై ఉండి చిన్నపిల్లల్లా ‘ఇది నా పుస్తకం’ అని పైకి అనడానికి సిగ్గు. ఒకాయన బాల్కనీలోకి వెళ్ళి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ పాఠం చేస్తున్నాడు. దాన్నే డిజైన్‌గా పెట్టేశాం, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ‘కాల్’ వచ్చినట్టు పాఠం నడుస్తుంది. ఆయనకి రాయల్టీ ఇవ్వాలి నిజానికి.

వరసగా ఇన్ని రోజులు చేశారు అని చూపించే మంట గుర్తు ఉంటుంది కదా, దాని మీద నాకున్న కోపం గురించి ఎక్కువ చెప్పను. అరవై రోజులు పైగా తప్పకుండా చేసిన ఒకతన్ని కలిశాం, మా లెక్కల్లో హీరో. రాత్రి పడుకునే ముందు అన్నిటికన్నా తేలికైన పాఠం ఒకటి తెరిచి, మంట ఆరిపోకుండా నిమిషంలో ముగించి పడుకుంటాడు. ఆ పాఠం అతనికి కంఠతా వచ్చు, తెలుగు రాదు. మర్చిపోయే ముందు గుర్తుచెయ్యాలన్న సూత్రం మంచిదే, 1885లో ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తనే ప్రయోగాలు చేసుకుని మరుపు ఎంత వేగంగా వస్తుందో కొలిచాడు, ఈ యాప్‌లన్నిటికీ మూలం అక్కడుంది. కానీ ఆయన గుర్తుపెట్టుకున్నవి అర్థంలేని అక్షరాల ముక్కలు, కావాలనే అలాంటివి ఎంచుకున్నాడు. పాతిక అలాంటిది కాదు. రైతుబజార్లో పదిమంది ముందు బిక్కమొహం వేసిన మనిషి ఆ మాటని ఇక జన్మలో మర్చిపోదు, ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

సొంత భాష మనకి కనపడదు, కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి కళ్ళజోడు కనపడనట్టు. మా టీంలో అందరం తెలుగువాళ్ళమే, ‘లేదు, కాదు, వద్దు’ అనేవి మూడు వేర్వేరు మాటలన్న స్పృహే ఎవరికీ లేదు. హిందీ మనిషికి మూడింటికీ మొదట నోట్లోకి వచ్చేది ‘నహీఁ’ ఒక్కటే. దాంతో టీ ఇస్తే “కాదు” అంటారు, “మీరు డాక్టరా?” అంటే “వద్దు” అంటారు. అలాగే మనం, మేము. హిందీలో రెండూ ‘హమ్’. ఒకాయన ఓనరు దగ్గరికెళ్ళి ఎంతో మర్యాదగా “వచ్చే నెల మనం ఇల్లు ఖాళీ చేస్తున్నామండి” అన్నారట, ఆ ఓనరు “నేనెందుకు బాబూ ఖాళీ చేస్తాను, నా ఇల్లది” అన్నాడట. వ్యాకరణం పుస్తకాల్లో ఇవన్నీ ఉన్నాయి, కానీ ఏది ముందు నేర్పాలో పుస్తకం చెప్పదు, పొరపాటు చేసి నవ్వులపాలైనవాళ్ళే చెప్పగలరు.

ఇక పుస్తకం భాషకి, బజారు భాషకి మధ్య దూరం. “ఏమి కావాలి” అని నేర్పితే ఇక్కడ “ఏటి కావాల” అంటారు. “ఎక్కడికి వెళ్తున్నారు” అని నేర్పితే “ఎక్కడికెల్తన్నారు” అంటారు. ‘లేదు’ పూర్ణా మార్కెట్లో ‘నేదు’. మా యాప్‌లో గొంతులన్నీ టీవీ వార్తల గొంతులు. ఈ ఫిర్యాదు మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే సరిగ్గా ఇదే ఫిర్యాదు ఈ ఊళ్ళోనే వందేళ్ళకి ముందే ఒక కొత్త విద్యార్థి చేశాడు. 1907లో ఈ వైపు జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే దొరకి, జనం మాట్లాడే తెలుగుకి, పుస్తకంలో ఉన్న తెలుగుకి ఎందుకింత తేడా ఉందో అర్థం కాలేదు. విశాఖపట్నంలో మిసెస్ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గిడుగు రామమూర్తిని, గురజాడ అప్పారావుని అడగమన్నారు. వ్యావహారిక భాష కోసం గిడుగు సాగించిన పోరాటానికి ఆ ప్రశ్న ఒక నిప్పురవ్వ. ఒక పరాయి భాష మనిషి నేర్చుకోలేక విసుక్కుంటే ఒక ఉద్యమం కదిలిందన్నమాట, యూజరు ఫిర్యాదుకి ఇంతకన్నా విలువ ఎక్కడైనా దక్కిందేమో నాకు తెలీదు.

గిడుగు సంగతి ఇంకొకటి ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే కొండల్లోని సవరల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాటలు విని, రాసుకుని, సవర భాష నేర్చుకున్నాడాయన, అప్పటికి ఆ భాషకి పుస్తకమే లేదు.  ఆయనకి ఉన్నది, మా యూజర్లకి లేనిది ఏమిటా అని ఆలోచిస్తున్నప్పుడే నాకు రైతుబజార్లో జరిగిన ఆ రెండో విషయం కళ్ళకి కట్టింది. సవరలు గిడుగుతో సవరలోనే మాట్లాడి ఉంటారు. టమాటాల పెద్దావిడ కాన్పూర్ ఆవిడతో తెలుగులో మాట్లాడలేదు. “పచ్చీస్” అన్నారు.

నోటుబుక్కులు వెనక్కి తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఇదే. లిఫ్టులో ఆయన “బాగున్నారా” అంటే పక్క ఫ్లాటాయన “ఆప్ కైసే హైఁ జీ” అన్నారు. బ్యాంకులో “ఫారం ఇవ్వండి” అంటే ఇంగ్లీషులో జవాబు. ఆటోలో “జగదాంబకి ఎంత?” అంటే “డేఢ్ సౌ”. తెలుగు నోట్లోంచి బయటికొచ్చిన మరుక్షణం మనమే దాన్ని ఆపేస్తున్నాం! ఏడాదిన్నరగా ఆవిడకి తెలుగు రాకపోవడానికి మా పాఠాలు, మైకు, లిపి కారణమని మేం తలలు బాదుకుంటున్నాం, అసలు కారణం ఆవిడ ఎదురుగా నిలబడ్డ మనం. మేం రెండు నెలలు నేర్చుకునేవాళ్ళనే చూశాం. వినేవాళ్ళని ఒక్కసారి కూడా చూడలేదు. మాట్లాడటానికి ఇద్దరు కావాలి, మా రీసెర్చ్‌లో ఒక్కరే ఉన్నారు.

అందుకని దుకాణాల వాళ్ళని, ఆటోవాళ్ళని, వాచ్‌మన్లని అడిగాం, “వాళ్ళు తెలుగులో మాట్లాడుతుంటే మీరు హిందీలోకి ఎందుకు వెళ్తారు?” అని. అసలు వెళ్తున్నామని చాలామందికి తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పిందాంట్లో ఎక్కువ జాలి, “పాపం, ఇబ్బంది పడతన్నారు కదేటి”. కొంత తొందర, “వెనక లైనుంది బాబూ, ఆళ్ళు కూడబలుక్కునేదాకా ఆగుతామా”. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త హోవర్డ్ గైల్స్ 1970ల్లోనే దీని మీద ఒక సిద్ధాంతం కట్టాడు, ఎదుటివాళ్ళకి దగ్గరవ్వాలనుకున్నప్పుడు మనం మన యాసని, వేగాన్ని, ఒక్కోసారి మొత్తం భాషనే వాళ్ళ వైపు జరుపుకుంటామని. అంటే మనవాళ్ళు చేస్తున్నది మంచితనంతోనే. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, కానీ ఆ మంచితనం వల్లే ఇరవయ్యేళ్ళున్నా తెలుగు రాకుండా రిటైరైపోతున్నారు జనం.

దీనికి యాప్‌లో ఏం చెయ్యగలం? చాలా చర్చలయ్యాయి, చివరికి చేసింది చిన్నదే. మొదటి రోజు మొదటి పాఠంగా, నమస్కారం కన్నా ముందు, రెండు వాక్యాలు పెట్టాం: “తెలుగులోనే చెప్పండి, నేర్చుకుంటున్నాను. కొంచెం మెల్లిగా.” ఈ రెండూ వస్తే మిగతాది ఊరే నేర్పుతుందని ఆశ. అలాగే ప్రశ్న నేర్పిన ప్రతి చోటా దానికి బజార్లో వచ్చే జవాబులు, గబగబా, నేపథ్యంలో బస్సు హారన్లతో సహా, వినిపించడం మొదలుపెట్టాం. అడగడం తేలిక, జవాబు వినడమే కష్టమని పాతిక నేర్పింది.

మళ్ళీ అదే రైతుబజారు, అదే పెద్దావిడ, ఈసారి వంకాయలు. కాన్పూర్ ఆవిడ ధర అడిగారు, పెద్దావిడ నోరు తెరిచి “తీస్” అనబోతుండగానే “తెలుగులోనే చెప్పండమ్మా, నేర్చుకుంటున్నాను” అనేశారు, ఒక్క గుక్కలో, మెల్లిగా అన్న ముక్క మర్చిపోయి. పెద్దావిడ తక్కెడ కింద పెట్టారు. “ము-ప్ఫై” అన్నారు, చెవిటివాళ్ళతో అన్నట్టు గట్టిగా, సాగదీసి. పక్కన ఆకుకూరలాయన “ముప్ఫై అంటే తీస్” అని అందించబోతే “నువ్వూరుకో, ఆయమ్మ నేర్సుకుంతంది” అని కసిరారు. వెనక లైనులో ఇద్దరు విసుక్కున్నారు, ఒకావిడ మాత్రం “పావుకేజీ అయితే ఏడున్నర అవుతుందమ్మా” అని కొత్త మాట ఒకటి అంటించారు. ఏడున్నర మా యాప్‌లో లేదు. రాసుకున్నాను.

బయల్దేరబోతుంటే పెద్దావిడ నన్ను ఆపారు. అన్ని రోజులుగా వెనక నిలబడి రాసుకుంటున్నది నేనేనని ఎప్పుడో కనిపెట్టేశారట. విషయం చెప్పాను, ఇలా తెలుగు నేర్పే యాప్ అని. శ్రద్ధగా విన్నారు.

“బాగుంది గానీ బాబూ, ఆయమ్మలు వచ్చినప్పుడే కదా నాకు నాలుగు హిందీ ముక్కలు నోటికొచ్చేది. మా కొడుకు దిల్లీ కాడ ఉంటన్నాడు, కోడలిది అటుపక్కే, పిల్లకి తెలుగు రాదు. ఈలతోనే మాటాడి మాటాడి నేర్సుకుంతన్నాను. ఇప్పుడు అందరూ తెలుగులో సెప్పమంటే నానెవుల్తోటి మాటాడేది? మాలాంటోల్లకి హిందీ నేర్పేది మీకాడ ఏటీ నేదా?”

లేదన్నాను. నోటుబుక్కు తీసి పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాను. “ఆఖరిసారి మనవరాలితో హిందీలో ఎప్పుడు మాట్లాడారమ్మా?” అని అడిగాను.